నీళ్లు తాగిన బరువు

భీమిలి దారిలో, ఆటు వెనక్కి తగ్గాక
ఇసక మీద నల్లటి చారలు తేలతాయి.
ఓడలు కార్చిన నూనె అనుకుంటారు జనం.
నేను వంగి రెండు డబ్బాలు నింపుకుని
సిటీ బస్సెక్కాను.
జేబులో డిపార్టుమెంటు అనుమతి ఉత్తరం ఉంది,
ఎవరూ అడగలేదు.
"ఇసక్కి టికెట్టు లేదులే" అన్నాడు కండక్టరు.

అయస్కాంతం ముందు పరిస్తే
నల్లది ఎగిరి అంటుకుంది, ఇల్మనైటు.
ఇంకాస్త బతిమాలితే ఎర్రది కదిలింది, గార్నెట్టు.
జిర్కానుని విడదీయడానికి పట్టిన వారం గురించి చెప్పను.
చివరికి మిగిలింది
దేనికీ లొంగని తెల్ల పుల్లల రవ్వ
సిల్లిమనైటు.
పరాయిది కాదు, ఈ కొండల్లోంచి రాలిందే.
కైలాసగిరి మీద ఐస్‌క్రీం తినేవాళ్ల కాళ్లకింద
మిగతాది ఉంది,
రాలడానికి ఏమీ తొందర లేకుండా.

రాత్రంతా బాల్‌మిల్లు రాళ్లు నమిలింది.
రూపాయంత బిళ్లలు పన్నెండు నొక్కాను.
మూడు అచ్చులోనే విరిగాయి.

కొలిమి దగ్గర అసిరయ్య.
నిమిషానికి అయిదు డిగ్రీలని నేను మీట నొక్కుతుంటే
"అంత తొందరేటి గుంటా, మూడెయ్యి.
లోపల్దానికి బయటికెల్లే దారుండాల గదా" అన్నాడు.
పుస్తకంలో అయిదుంది.
అయిదే వేశాను.

పదిహేనువందల యాభై.
కన్నానికి నల్లద్దం అడ్డుపెట్టి చూస్తే
బిళ్లలు లేవు.
బిళ్ల, గోడ, దిమ్మ అంతా ఒకటే వెలుగు.
ఆ వేడిలో దేనికీ అంచుండదు.

మర్నాటి సాయంత్రం చల్లారాక తీస్తే
తొమ్మిదింటి మీదా పగులు, అరచేతి గీతలాగ.
"ఆయుష్షు రేఖ" అని నవ్వాను.
ఆయన నవ్వలేదు.

ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్లు
కరిగిన ఉక్కు మోసే లేడిళ్ల లోపల
ఇటుక పేర్చాడు, కాంట్రాక్టు మీద.
ఇటుక వయసు అక్కడ ఏళ్లలో చెప్పరు,
హీట్లలో చెబుతారు.
"అరవై హీట్లన్నారు.
నలభై మూడో దానికి ఊడిపోనాది.
మా తోడల్లుడు కిందున్నాడు."
అంతే.
టీ గ్లాసు కడిగి, గుడ్డతో తుడిచి, బోర్లించాడు.

ఈసారి మూడు వేశాను.
ఎందుకు మూడో థీసిస్‌లో కారణం చూపాలి.
తేమ, జిగురు కాలడం, లోపలి వాయువుల ఒత్తిడి అని రాశాను.
అవి కూడా నిజమే.

ఇప్పుడు ఖాళీ కొలవాలి.
ఎండిన బరువు, నీళ్లలో వేలాడే బరువు,
నీళ్లు తాగిన బరువు.
ఈ మూడు చెబితే
రాయిలో ఎంత రాయి లేదో తేలుతుంది.
ఖాళీ అంటే లోపమనుకునేదాన్ని.
బొత్తిగా ఖాళీ లేని ఇటుకలో
పగులు మొదలైతే ఈ చివరనుంచి ఆ చివరికి పోతుందట.
చిన్న గుంట ఎదురైతే
అక్కడ మొన మొద్దుబారి ఆగుతుందట, ఒక్కోసారి.
ఒక్కోసారి అన్న మాటను
గైడు పెన్సిలుతో కొట్టేశారు, నేను మళ్లీ రాశాను.

తీగకి కట్టిన బిళ్ల బీకర్లో దిగుతోంది.
పక్కనుంచి సన్నటి బుడగలు,
ఒకటి, కాసేపటికి ఇంకొకటి.
అసిరయ్య ఫ్యాను ఆపాడు.
గాలి తగిలితే నాలుగో దశాంశం నిలవదు.
సముద్రం వైపు కిటికీ ఒక్కటుంది, దాన్నీ మూశాం.
అంకె ఇంకా ఊగుతూనే ఉంది.
నేను పెన్ను తీశాను.

"ఆగు," అన్నాడు, కళ్లజోడు పైకి తోసుకుని,
"తాగనీ."