ట్రూ కాపీ

కౌన్సెలింగ్ మొదలైతే మా మిషన్‌కు జరమొస్తది.
దిల్‌సుఖ్‌నగర్ గల్లీల, హాస్టల్ మెట్ల కింద
నిలవడితే నెత్తికి తగిలే దుకాణం.
మెమో రెండు, టీసీ రెండు, కులం కాగితం మూడు.
అద్దం మీద బోర్లేస్తే
పచ్చటి వెలుతురు ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తది.

ఇరవై రెండేండ్లు.
ఎవరెవరి పిల్లల పేర్లో
నా చేతి కింద వెచ్చగ బయటికొచ్చినయి.
మూల మడవకుండ ఇచ్చేటోన్ని.
నా బిడ్డ మెమో కోసమని
మందపు కాగితం కట్ట ఒకటి
అటక మీద దాచిన, చెదలు పట్టకుండ
వేపాకు పెట్టి.

నవత వచ్చింది. మెమో తేలే.
"డాడీ, నేను లిఫ్టుల పని నేర్చుకుంట."

మిషన్ బంద్ చేసిన.
ఎంపీసీ. తొంభై రెండు శాతం.
"లిఫ్టుల ఏముంటదే, ఎక్కుడు దిగుడేనాయె" అన్న.
అది నవ్వలే.
"మధ్యల ఎందుకాగుతదో చూడాలె."

వాళ్లమ్మ రెండు రోజులు
దాని కంచంల అన్నం పెట్టింది గని
మాట పెట్టలే.
బావమరిది ఫోను మీద ఫోను:
మేనేజ్‌మెంట్ సీటు, తెలిసినాయన, సగం ఇప్పుడు సగం దసరాకు.
ఎదురు బిల్డింగుకు ర్యాంకుల ఫ్లెక్సీ.
పోస్టు బిళ్లలంతంత మొఖాలు.
గాలివానకు ఒక పిలగాని చెంప చినిగి
రాత్రంత టపటప కొట్టుకున్నది.
నాకు నిద్ర పట్టలే.

మలక్‌పేటల గయాసుద్దీన్ సాబ్ కార్ఖానా.
ముసలాయన, చెవుల దూదితో,
మొదటి నెల దాన్ని పానా ముట్టనియ్యలేదట.
"పెహ్లే సునో బేటీ, బాద్ మే ఖోలో."
కప్పీ అరుపు వేరు, తాడు మూలుగు వేరు,
బేరింగ్ చచ్చేముందు పిల్లి లెక్క ఏడుస్తదట.
తినుకుంట చెప్తుంటది.
పదిహేనేండ్లు బడికి పంపిన,
బడి ముచ్చట ఒక్కటన్న గిట్ల చెప్పిందా
యాది చేసుకుంట కూసున్న.

ఒప్పందం కాగితం తెచ్చింది. రెండు కాపీలు.
అటక మీది కట్ట దించిన.
నాలుగు రూపాయలు గల్ల మీద పెట్టింది,
తీసుకున్న. బేరం బేరమే.
కాపీ చేతిల పట్టుకొని అడిగింది:
"నా పేరు మీద ఈ నల్లగీత ఏంది?"
"నువ్వు బడికి పోకముందు నుంచున్నది.
అందరికీ అలవాటైంది."

ఐతారం పొద్దుగాల
మిషన్ పొట్ట విప్పి పాత పేపర్ మీద పరిచింది.
ఒక్కొక్క మర వరుస తప్పకుండ.
నేను చాయ పట్టుకొని నిలవడ్డ
దవాఖాన వరండల నిలవడ్డట్టు.
గోరంత పిన్ను. లోపట. ఎన్నేండ్ల సందో.
తీసి నా అరచేతిల పెట్టింది.

ఒప్పుకున్ననని కాదు.
మొన్న బొటనవేలికి కట్టుతో వచ్చింది,
దాని తల్లి నా దిక్కు చూసింది,
నేను గోడ దిక్కు చూసిన.
ఆడపిల్ల, చీకటి గుంత, తొమ్మిది వేలు.
ఈ మూడు మాటలు రోజూ నన్ను లేపుతయి.

ఒకనాడు సద్ది మర్చిపోతే
నాగోల్ అపార్ట్‌మెంటుకు తీసుకపోయిన.
కింది గుంతలకు వంగి పైకి చూసిన.
అంత చీకట్ల, ఆరో అంతస్తు కాడ,
దాని నెత్తి మీది లైటు
ఈ గోడ నుంచి ఆ గోడకు
మెల్లగ నడుస్తున్నది.
పిలువలే. డబ్బ వాచ్‌మెన్‌కిచ్చి వచ్చేసిన.

పొద్దుమీకి ఒక పిల్ల మెమో బోర్లేసింది.
"అంకుల్, ఎన్ని తీసుకుంటే మంచిది?"
పది తీసుకో అంటుంటి ఎప్పుడు.
ఏందో అడగబోయి గొంతు సవరించుకున్న.
"ముందుగల రెండు తీసుకో బిడ్డ" అన్న.
"కావలిస్తే మళ్ల రా. దుకాణం ఏడికి పోదు."

కాగితం తెల్లగ వచ్చింది.
గీత లేదు.