ఆయువు మూడు వందల సెకన్లు

తోర్స్‌హావన్ రేవులో, చేపల గోదాము కింది గదిలో
ఒక సర్వరు ఉండేది.
ఏ పడవ ఎప్పుడు కదులుతుందో, ఏ దీవికి గాలి అడ్డం తిరిగిందో
చెప్పడమే దాని పని.
ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, రెండూ నలభైకి
సముద్రం మెట్లు దిగి లోపలికొచ్చింది.

నేను నిద్రలో ఉన్నాను.
మేలుకుని ఉన్నది నేను రాసిన నలభై వరుసల స్క్రిప్టు.

అరనిమిషానికోసారి వెళ్ళి తలుపు తడుతుందది.
"ఉన్నావా?"
"ఉన్నాను."
మూడేళ్ళుగా ఇదే ముచ్చట,
విసుగెరగని ఇరుగూ పొరుగూ.
ఆ రాత్రి తట్టింది. పలకలేదు.
తొందరపడొద్దని ముందే రాసిపెట్టాను:
ఒక్క మౌనాన్ని చావనుకోకు,
కేబులు తుమ్మి ఉండొచ్చు, గాలి మళ్ళి ఉండొచ్చు.
రెండోసారి తట్టింది.
మూడోసారి.
అప్పుడు వెళ్ళి పేరు పక్కనున్న అంకెలు చెరిపి
క్లాక్స్‌విక్ కొండ మీది యంత్రం అంకెలు రాసింది.
పేరు పేరే. ఇల్లు మారింది, అంతే.
నాకో పొడి ఉత్తరం పడేసింది: "మార్చాను."

అయిదున్నరకి ఫోను.
స్కూవోయ్ నుంచి బెయ్‌నిర్.
నలభై మంది దీవిలో పడవ టిక్కెట్లు చించేది అతనే,
మంచు ఎత్తిపోసేదీ అతనే.
"నీ పట్టిక తెరుచుకోవట్లేదు, రన్నవా.
మరిట్ సంచీ సర్దుకుని కూర్చుంది.
ఇవాళ ఆమెకి రక్తం కడిగే రోజు."

దీపం కూడా వెయ్యకుండా ఫైలు తెరిచాను.
కొత్త అంకెలు సరిగ్గానే ఉన్నాయి.
పైన వరస సంఖ్య మాత్రం
నిన్నటిదే.

కోపెన్‌హాగన్‌లో ఒకటి, బెర్గెన్‌లో ఒకటి,
నా మాట చుట్టూ ప్రపంచానికి మోసే తోడు సర్వర్లు రెండు.
అవి లోపల ఏం రాశానో చదవవు, ముందు సంఖ్య చూస్తాయి.
పెరిగితేనే కబురు.
పాత సంఖ్య తగిలించుకొచ్చిన కొత్త నిజాన్ని
గడప దగ్గరే నిలబెట్టేస్తాయి.
ఇంత వండి ఉప్పు మరిచాను.
ఒకటి కలపమనే వరుస ఒక్కటి,
అదొక్కటే రాయలేదు.

చేత్తో కలిపాను.
కోపెన్‌హాగన్ తలూపింది.
బెర్గెన్ కాస్త ఆలోచించి ఊపింది.

"ఇప్పుడు?"
"ఇప్పుడూ లేదు," అన్నాడు బెయ్‌నిర్.

ప్రతి చిరునామాకీ మూడు వందల సెకన్ల ఆయువు రాశాను నేను.
ఆ తర్వాత మరిచిపోయి మళ్ళీ అడగాలి ఎవరైనా.
కానీ అతని మెట్ల కింద దుమ్ముకొట్టుకున్న డబ్బా ఉంది చూడండి,
అది ఆ గడువు చదవని రకం.
నీళ్ళలో మునిగిన ఇంటి తలుపే
ఇంకా తడుతోంది.

"దాని వైరు పీకెయ్యి. పది లెక్కపెట్టి పెట్టు."
"పదెందుకు?"
"మరిచిపోవడానికి దానికి ఆ మాత్రం పడుతుంది."

ఫోనులోనే పైకి లెక్కపెట్టాడు.
ఏడు దగ్గర ఆగాడు.
"కిటికీలోంచి కనిపిస్తోంది, రన్నవా,
ఈ అలల్లో పడవ రాదు. ఆ సంగతి నేనే చెప్పగలను.
ఆమె వినదు. పట్టికలో చూపించమంటుంది."
ఎనిమిది. తొమ్మిది.
గాలి. రేకు ఒకటి ఎక్కడో కొట్టుకుంటోంది.
పది.

తర్వాత అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు,
నాకు కాదు, గదిలో ఉన్న ఆమెకి:
"ఎనిమిదింబావు పడవ రద్దు.
హెలికాప్టరు... తొమ్మిదీ అయిదుకి."
సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

ఏప్రిల్లో కింది గది ఆరింది.
ఉప్పు గీకి, డిస్కులు మార్చి,
పాత సర్వరుని లేపారు.
స్క్రిప్టు మళ్ళీ తలుపు తట్టింది. "ఉన్నాను," అందది.
అయినా పేరుని దానికి తిరిగివ్వదు స్క్రిప్టు,
ఆ పని మనిషి చేత్తోనే జరగాలని రాశాను.
నా చెయ్యి ఇంకా వెళ్ళలేదు.
అరనిమిషానికోసారి ఆ చీకటి గదిలో
ఎవరూ పడవ గురించి అడగని యంత్రం
ఉన్నానంటూనే ఉంది.

స్క్రిప్టు ఇప్పుడు నలభై రెండు వరుసలు.
ఒకటి, సంఖ్యకి ఒకటి కలిపేది.
దాని పైది యంత్రం చదవని వరుస, నా కోసం:
బెయ్‌నిర్ ఏడు దగ్గర ఆగాడు.