రెండు చివర్లూ వేడే

శుక్రవారం నెస్టా వస్తుంది,
మా ఆయన మేనత్త, తుంటి విరిగి,
ఆస్పత్రివాళ్లిచ్చిన కర్రతో.
మెట్లెక్కలేదు గనక వెనక గది ఖాళీ చేశాం:
తేనె సీసాలు, ఎవరూ తొక్కని సైకిలు,
కొండ మీంచి నలభై ఏళ్లుగా దిగిన
పలకరాతి దుమ్ము.

గోడకి కొత్త రేడియేటర్ బిగించాడు మా మరిది గెథిన్.
తెల్లగా, ఫొటోకి నిలబడ్డ పెళ్లికొడుకులా ఉంది.
బ్లైనై ఫెస్టినియోగ్‌లో జనవరి వాన
తలుపు తట్టదు,
లోపలికొచ్చి కుర్చీ లాక్కుంటుంది.

బాయిలర్ వెలిగించాం.
ఇల్లంతా టిక్కుటిక్కుమని ఒళ్లు విరుచుకుంది.
కొత్తదాని మీద చెయ్యి పెట్టాను.
ఈ చివర గొట్టం వేడి.
ఆ చివర గొట్టం వేడి.
మధ్యలో పొట్ట, సమాధిరాయి.

గాలి చేరిందన్నాడు గెథిన్.
ఇత్తడి తాళంచెవి తిప్పితే గాలి రాలేదు,
జామ్ సీసాలోకి నల్లటి నీళ్లు చిమ్మాయి,
అరచేతిలో చెమటపట్టిన చిల్లర వాసన.
వాల్వు తల ఊడదీసి లోపలి పిన్ను నొక్కాడు.
మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది.
దానికే రోగమూ లేదు.
ఆ పక్క వాల్వు బార్లా తెరిచాడు.
"నీళ్లన్నీ మిగతావే తాగేస్తున్నాయి వదినా" అంటూ
గది గదికీ తిరిగి అన్నింటి గొంతులూ నొక్కాడు.
పిల్లలు కోట్లేసుకుని సూప్ తాగారు.
అరగంటకి ఇల్లంతా చల్లబడింది,
ఇదీ చల్లగానే ఉంది.
"పోన్లే, అందరికీ సమన్యాయం" అన్నాను.
గెథిన్ నవ్వలేదు.

సరుకే మంచిది కాదు, రేపు కొట్టుకి తిరిగిచ్చేస్తానన్నాడు.
ఊడదియ్యడానికి స్పానర్ పట్టాడు కూడా.
అప్పటిదాకా నేల మీద బోర్లా పడుకుని
చెక్కల సందులోకి టార్చి కొడుతున్న టెగ్వెన్,
పదకొండేళ్ల పిల్ల, తలెత్తకుండానే అంది:
"ముందు గదిలో దానికి ఒక గొట్టం ముందు కాలుతుంది,
రెండోది తర్వాత.
దీనికి రెండూ ఒకేసారి ఎందుకు కాలాయి బాబాయ్?"

గెథిన్ స్పానర్ కింద పెట్టాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఉలి అడిగాడు.

చెక్క లేచింది. కింద పాత పేపరు, ఒక గోళీ,
పక్కపక్కనే జానెడు ఎడంలో
కవలల్లా రెండు రాగి గొట్టాలు, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది.
ఆయన అతికిన రెండు కొత్త అతుకులు మిలమిలా
ఒకే గొట్టం మీద ఉన్నాయి.
పోయేదాని మీదే, రెండూ.
గుమ్మంలో ఇద్దరు పెద్దమనుషులు
"మీరు ముందు" "అబ్బే, మీరే ముందు" అనుకుంటుంటే
నీళ్లు ఎటూ కదల్లేదు పాపం.

ఎత్తిన చెక్క తిప్పి చూస్తే అడుగున పెన్సిలు బాణాలు.
ఏ కాలం ప్లంబరో, మా భాషలో, ముత్యాల్లాంటి రాతతో
ఏది వెళ్లేది, ఏది తిరిగొచ్చేది రాసిపెట్టాడు.
గెథిన్ ఆ పక్క చెక్క ఎత్తి పని కానిచ్చాడు,
ఈ చెక్క ఎత్తలేదు, అంతే.
"వెల్లకిలా పడుకుని చేశాను వదినా, చీకట్లో" అన్నాడు.
నేను టీ పెట్టడానికి లేచాను.

గురువారం రాత్రి నీళ్లన్నీ తోడి
ఒక అతుకు కోసి పక్క గొట్టానికి మార్చాడు.
పదకొండున్నరకి ముందు ఒక చివర కాలింది.
మేం ముగ్గురం గోడకి చేతులానించి
దొంగల్లా ఊపిరి బిగబట్టాం.
వేడి పైనుంచి మెల్లగా పాకుతూ వచ్చి
ఆ చివర, చాలా ఆలస్యంగా,
గోరువెచ్చగా దిగింది.
టెగ్వెన్ ఆవులించి వెళ్లి పడుకుంది.

శుక్రవారం నెస్టా వచ్చి మంచం మీద కూర్చుంది,
కర్ర గోడకి ఆనించింది,
రెండు నిమిషాలాగి,
"ఉడికిపోతున్నాను, ఆ కిటికీ తెరవండర్రా" అంది.
గెథిన్ వాల్వు దగ్గరికి వంగాడు, తగ్గిద్దామని.
"దాని జోలికెళ్లకు" అంది ముసలావిడ,
"నా మేజోళ్లు ఆరుతున్నాయి."