చోడి బస్తా

ఆడిటర్ గారూ, కాస్త నీడలోకి జరగండి.
ఈ ఎండ ఇనుముకీ మనిషికీ తేడా చూడదు.
కళింగపట్నం ఇసకలో ఒక పక్కకి ఒరిగిపోయిన ఇదే
అంతరిక్ష యుద్ధనౌక వంశధార.
ఏటి పేరు పెట్టుకుని తిరిగి తిరిగి
ఆ ఏరు సముద్రంలో కలిసే చోటికే
తుక్కవడానికి వచ్చింది.

మీ కాగితంలో ఉన్నదంతా నిజమే.
ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు, పదకొండు గస్తీలు,
గురుగ్రహం వెనక రెండు పోరాటాలు, ఒక పతకం.
పతకం వచ్చిన రోజే మరుగుదొడ్డి పంపు చెడిపోయిందని
మీ దాంట్లో లేదు, నా స్టోర్ రిజిస్టర్లో ఉంది:
వాషర్లు నాలుగు, తీగ రెండు మూరలు.
తిట్లు లెక్కపెట్టలేదు.

చుక్కాని దగ్గర మైలపల్లి నూకరత్నం
తెర ముందు కూచుని కళ్లు మూసుకునేది.
"సుక్కల్ని సూత్తే ఏటొస్తాది?
పోటు ఎటున్నాదో ఒంటికి తెలవాల" అనేది.
శని వలయాల రాళ్ల సందుల్లోంచి
ముప్పై మందిమి అలాగే బయటపడ్డాం.

ఇంజన్ గదిలో పొందూరు భద్రయ్య
గాలి జల్లెడలు దువ్వడానికి
వాళ్ల ముత్తవ్వ ఏకులకి వాడిన
వాలుగ చేప దవడే వాడేవాడు.
దాన్ని ఏ పద్దు కింద రాయాలో
నాకు ఇప్పటికీ తెలీదు.

సరే, మీరు వేలు పెట్టిన పేజీ. నూట పన్నెండు.
"చోడి బస్తా ఒకటి. అరవై ఒక్క కిలోలు. నిల్వ."
ఇరవై రెండేళ్లుగా ప్రతి నెలా నిల్వ.
బస్తా ఏదీ అని కదా.

రెండో పోరాటం అయిపోయేక
అక్కడ పొగ ఉండదండి, చప్పుడూ ఉండదు.
చేటలో చెరిగిన పొట్టులాగ తునకలు తేలుతుంటాయి.
వాటిలోంచి శత్రువుల డొల్ల ఒకటి వచ్చి
మన తలుపుకి ఆనుకుంది.
లోపల్నించి ఎవరో తట్టేరు.
మూడు సార్లు. ఆగి, మళ్లీ మూడు సార్లు.

పైనించి ఉత్తర్వు: ఎవర్నీ ఎక్కించుకోకూడదు.
కెప్టెన్ పేడాడ అన్నాజీ దాన్ని చదివేడు,
మడిచి జేబులో పెట్టుకున్నాడు,
మా ఎవరి మొహమూ చూడకుండా
"స్టోర్లో ఏటి తక్కువైంది?" అన్నాడు.
నోటికొచ్చింది చెప్పేను. "చోడి, సార్."
"అయితే దింపుకో. బేగి."

పంతొమ్మిదేళ్ల గుంటడు.
పెదాలు నేరేడుపళ్లలాగ ఉన్నాయి.
వంట సవర సొంబురు వాడి తల ఒళ్లో పెట్టుకుని
చెంచాతో కాదు, వేలితో, అంబలి నాకించేడు.
మూడో రోజుకి ఉల్లిపాయ అడగడం నేర్చేడు.
గిన్నె ఖాళీ చేసి, బోర్లించి,
మూడు సార్లు తట్టేవాడు.
వాడి దండం అదే.

తూకం వేసే రాసేనండి. దొంగ లెక్క నాకు చేతకాదు.
ఆ రోజు అరవై ఒకటే.
ఇప్పుడు ఎనభై దాటుంటాడు.
నిల్వ పెరిగినట్టు చూపలేదు,
కావలిస్తే దానికి మెమో ఇవ్వండి.

కెప్టెన్ లేడు. సొంబురూ పోయేడు.
నూకరత్నం కళ్లకి శుక్లాలు,
ఇప్పుడు మూసుకున్నా తెరిచినా ఒకటే.
భద్రయ్య దవడ నా ట్రంకుపెట్టెలో ఉంది,
భద్రయ్య ఎక్కడున్నాడో తెలీదు.
బుడితి కంచు గంట విప్పి అప్పజెప్పీసేను, రసీదు జత చేసేను.
రేపు పొద్దున్న గ్యాస్ కట్టర్లు వస్తాయి.

బస్తానా.
అదిగో, లైట్‌హౌస్ కింద
వలకి ముడులేస్తున్న ఆ పొడుగాటి మనిషి.
పిలిస్తే వస్తాడు.
మీకంటే బాగా మన యాస మాట్లాడతాడు,
టీ తాగితే గానీ వదలడు.

పిలవమంటారా?
లేదంటే ఆ గడిలో
"పురుగు పట్టింది, పారబోసేం" అని రాయండి,
సంతకం నేను పెడతాను.
ముప్పై ఎనిమిదేళ్లలో నా మొదటి దొంగ లెక్క
అదే అవుతుంది.

మీ పెన్నులో ఇసక పడ్డట్టుంది.
ఇంద, నాది తీసుకోండి.