లాభం, రెండు, మూడు

మా భార్గవికి ఒకటి రాదు.
లాభం, రెండు, మూడు అంటాది
గుడ్డు మీంచి గుడ్డు మీదికి వేలు జరుపుతా.
నాలుగేళ్లు ఇంకా నిండలా దానికి.

బుచ్చి నుంచి వచ్చిన సూపర్‌వైజరమ్మ
కళ్లద్దాలు పైకి తోసుకుని
"ఇదేంది టీచర్, ఒకటి చెప్పలేదా మీరు?" అనింది.
చెప్పా మేడమ్.
బడి తెరిచినప్పట్నుంచీ చెప్తానే ఉండా.
ఒక ముక్కు, ఒక చందమామ, ఒక పలక.
చార్టు మీద నా వేలి మచ్చ పడిందాకా చెప్పా.

కానీ వాళ్లవ్వ మస్తానమ్మ
మొలగొలుకుల కాలం నుంచీ
కాలవ కింద కల్లాల్లో కుంచం పట్టిన మనిషి.
మొదటి కుంచానికి ఒకటి అనదు,
లాభం అంటాది.
ఏడో కుంచం దగ్గర నోరు కట్టేసుకుంటాది.
ఏడు అంటే ఏడవమన్నట్టేనంట,
ఆరున్నొకటి అని దాటేసి ఎనిమిదికి పోతాది.
మిషన్లొచ్చి బస్తాలు కాటా ఎక్కినా
ఇంట్లో తిండిగింజలకి ఇప్పటికీ ఆ కుంచమే.
అవ్వ మోకాలి పక్కన కూచుని
వడ్ల దుమ్ముకి తుమ్ముతా
పిల్ల ఆ లెక్క విన్నది.

సూపర్‌వైజరమ్మ రిజిస్టర్లో
భార్గవి పేరు పక్కన సున్నా చుట్టింది.

సున్నా అంటే నాకు ఇష్టమే.
అంకెల్లో ఒకటి పక్కన కూచుంటే పది,
అక్షరాల్లో ప పక్కన కూచుంటే పండు.
ఆ మధ్యాన్నం బోర్డు మీద పండు రాసి
సున్నా తుడిచేశా.
"ఇప్పుడేమైంది?"
పిలకాయలకి చదవను రాదు గదా, నేనే చదివా:
పడు.
చరణ్‌గాడు దభీమని చాప మీద పడ్డాడు.
ఇంక ఆగలా, అందరూ పండ్లే,
నేను మళ్లీ సున్నా పెట్టిందాకా ఒక్కరూ లేవలా.
ఆయా కొండమ్మ గరిటె పట్టుకునే వచ్చి
"నా పేర్లో ఉండాదా అది?" అనింది.
ఉంది కొండమ్మా, కొండలో ఉంది.
తీసేస్తే?
కొడమ్మ.
"సీ, తీయబాకు తల్లీ."
మర్నాడు వంటగది తలుపు మీద
బొగ్గుతో గీసిన గుండ్రం,
పక్కన ఏ అక్షరమూ లేదు.

లెక్కంటే పాట కాదు అని ట్రైనింగులో చెప్పారు,
రాసుకున్నా, అర్థం కాలా.
ఇరవై దాకా గడగడా అప్పజెప్పే చరణ్‌గాడి ముందు
నాలుగు చింతపిక్కలు పోసి ఎన్నిరా అంటే
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
సరే, ఎన్ని?
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు,
నేనే మొద్దునన్నట్టు చూస్తా.
ఎన్ని అనే మాటకి
ఏ చార్టులోనూ బొమ్మ లేదు.

మొన్న ముసురు పట్టి
పెన్నకి నీళ్లొదిలారని చెప్పుకుంటున్న రోజు
కంచాలు పంచమని భార్గవి చేతికిచ్చా.
లాభం. రెండు. మూడు.
ఒక్కో పిలకాయ ముందు ఒక్కో కంచం.
ఆరు.
ఆరున్నొకటి తనకి.
ఎనిమిదో కంచం పొట్టకానించుకుని
అట్టే నిలబడిపోయింది.
వేలు చూపలా, లెక్క పెట్టలా,
చినుకులు పడతున్న వాకిలి వైపు చూసి
"నౌషీన్ రాలా" అనింది.

గబగబా రిజిస్టరు తీశా.
సున్నాకి తోక తగిలిస్తే తొమ్మిదవుతాది,
దొంగపని, చేతులు రాలా.
పక్కన పెన్సిలుతో సన్నంగా
కంచం అని రాసి మూసేశా.
వచ్చేసారి ఆమె అడిగితే
ఏం చెప్పాలో ఇంకా తెలీదు.

అన్నం వడ్డిస్తా కొండమ్మ
ఆ కంచం తీయబోయింది.
భార్గవి ఒప్పుకోలా.
నౌషీన్ కూచునే చోట బోర్లించి
దాని మీద చెయ్యి పెట్టుకుని,
ఎడం చెయ్యి,
కుడిచేత్తో తినింది.