నూట పన్నెండో మెట్టు

ప్రొడక్షన్ కుర్రాడొకడు మధ్యాహ్నం
రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.
రాత్రికి ఇంటింటా బల్బు వెలగాలట.
మేం చెప్పేదాకా ఎవరూ ఆర్పొద్దన్నాడు.
గడపకి యాభై చేతిలో పెట్టి
మంచినీళ్లడిగాడు.
కింద కుళాయి నించి నేను మోసుకొచ్చిన నీళ్లు
రెండు గ్లాసులు తాగి దిగిపోయాడు.

చిట్టినగర్ వెనక మా కొండ.
కిందవాళ్లకి అది కొండ,
మాకు మెట్లు.

ఆ రాత్రి పిల్లకి తట్టు.
వెలుతురు పడితే కళ్లు నులుముకుంటోంది.
యాభై తీసుకున్నాం కదా,
బల్బు ఉంచి,
పాత చీర అడ్డం కట్టి నీడ చేశాను.

ఆర్నెల్లకి గాంధీనగర్ హాల్లో చూశాం.
హోటలు కిటికీ దగ్గర తడిజుట్టుతో ఆ అమ్మాయి.
అతను వెనకనించి వచ్చి
చుక్కలు నేలకి దిగాయి చూడన్నాడు.
తొమ్మిది లెక్కపెట్టేంతసేపు మా కొండ.
సామ్రాజ్యమత్త నా మోచెయ్యి గిల్లింది,
"మనదేదే?"
ఎడమనించి మూడో వరసలో
చీర వెనక నించి కాస్త పసుపుగా ఒకటి.
అదే అత్తా అనేలోపు
పాట మంచుకొండల్లోకి దూకేసింది.

నిరుడు ఇంకో సినిమా.
పోలీసు జీపు అద్దంలోంచి మా కొండ, కింద డప్పులు.
"ఊళ్లో ఏ దొంగైనా తేలేది ఇక్కడే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.
ఎడమనించి మూడో వరసలో
అదే పసుపు!
పాత ముక్కే తెచ్చి అతికించారు.
పక్క సీటావిడ చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

ఒకసారి చుక్క, ఒకసారి దొంగ.
రెండుసార్లూ దాని కింద
నా పిల్ల మూలుగుతూనే ఉంది.

జాకెట్లు కుట్టేదాన్ని, నాకు సినిమా తియ్యడం తెలీదు.
కత్తిరింపు తెలుసు.
నిలువుగా కోస్తే ఒక తీరు,
ఐమూలగా కోస్తే సాగిపోతుంది
అదే గుడ్డ.

నన్నడిగితే కెమెరా
నూట పన్నెండో మెట్టు మీద పెట్టమంటాను.
అక్కడే బిందె దింపి చంక మార్చుకుంటాం.
అక్కణ్ణించి హోటలు అగ్గిపెట్టంత.
ఆ రాత్రి ఆరో అంతస్తులో ఒక్క కిటికీ ఆరలేదు.
ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారు.
ఒకసారి తువ్వాలు ఆరేశారు.
ఒకసారి అద్దానికి నుదురానించి
చాలాసేపు నిలబడ్డారు.
హీరోయినో,
గదులు తుడిచే పిల్లో,
వాళ్ల ఇంట్లోనూ ఎవరికైనా జొరమో.
నాకే కథా తట్టలేదు.
పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చి
మళ్లీ వచ్చి చూశాను.

షూటింగ్ అయిపోయిందని
ఎవరూ పైకొచ్చి చెప్పలేదు.
కొండంతా అలా వెలుగుతూనే ఉంది.
కోడి కూశాక
సామ్రాజ్యమత్తే కొంగు బిగించి
మెట్టుమెట్టుకీ ఆగి అరుచుకుంటూ దిగింది,
"ఇంక ఆర్పేయండర్రా,
తెల్లారింది."