మూడో వరస, ఎడమ పక్క

ఈ బండి పుట్టింది యాభై నాలుగులో,
నేను అరవై ఎనిమిదిలో.
అంచేత దీన్ని నడుపుతానని అనను,
పెద్దామె చెయ్యి పట్టుకుని
హవానా రోడ్లు దాటిస్తానంటాను.

బానెట్ ఎత్తి చూపించమంటారు కొందరు.
ఎత్తను.
లోపల రష్యావాళ్ల డీజిల్ ఇంజను,
ఏదో కొరియా వ్యాను గేర్‌బాక్సు,
షాంపూ సీసా కోసి బిగించిన మూత.
పైకి మాత్రం గులాబీ రంగు,
నాలుగు పూతలు. గోడలకేసే పెయింటే.

ఆరున్నరకి హోటల్ ముందు హారన్.
ఈవేళ ముగ్గురు, ఓస్లో నుంచి:
మొగుడూ పెళ్లాం, ఆవిడ తల్లి.
"ఇది మలెకోన్" అంటాను.
మిగతాది సముద్రమే చెబుతుంది,
గోడ దూకి అద్దం మీద ఉమ్మేసి పోతుంది.
పనిచేసే వైపర్ ఒక్కటే, అదీ నా వైపుది.

నాకొచ్చిన ఇంగ్లీషు నూట ఇరవై మాటలు.
'పోయిన వానల్లో ఇక్కడ బాల్కనీ కూలింది'
అన్న వాక్యం అందులో లేదు.
అక్కడికొచ్చేసరికి కాస్త వేగం పెంచుతాను.

రొట్టెల క్యూలోంచి మా వదిన చెయ్యి ఊపింది.
వెనకసీట్లో ముగ్గురూ ఊపారు,
ఎంత ఆప్యాయమైన ఊరో అని మురిసిపోతూ.
వదిన అన్నది,
ఒరేస్తెస్, వచ్చేటప్పుడు కిరోసిన్ తే అని.

తొమ్మిదింటికి నీలికొంగ కాబరే.
ఇరవై రెండేళ్లుగా జనాన్ని దింపుతున్నాను ఈ గేటు దగ్గర.
లోపలికి వెళ్లలేదు ఎప్పుడూ.
టికెట్టు ఖరీదు నా బండికి రెండు టైర్లు.
మామిడిచెట్ల కింద మిగతా డ్రైవర్లతో డామినోలాడుతూ
బాకాల మోతను బట్టి టైము చెప్పగలను.

మా నెరైదా ఇక్కడే ఆడేది,
మోకాలు మొండికేసేదాకా.
ఇప్పుడు పగలంతా వెనకగదిలో
ఆడపిల్లల నెత్తిన ఈకలు కుడుతుంది.
నిరుడు నా సీట్లు చిరిగితే
కాబరే ఎర్రదారం రీలొకటి జాకెట్లో దాచి తెచ్చింది.
ఊరు చూడొచ్చినవాళ్లంతా
దానిమీదే కూర్చుని ఊరు చూస్తున్నారు.

ముసలామె బూట్లు విప్పేసింది.
దిగనంది.
టికెట్టు నా జేబులో కుక్కి
"నువ్వెళ్లు, నేను బండికి కాపలా ఉంటా" అన్నట్టు సైగ చేసింది.
డామినోలాటలో నా ముక్కలు నాలుగు మిగిలే ఉన్నాయి.

లోపల,
ఏం చెప్పను.
ఊరంతా కరెంటు పోతే ఇక్కడ జనరేటర్
వెయ్యి దీపాల్ని మోస్తోంది.
మెట్లమీంచి దిగుతున్నారు పిల్లలు
తలమీద ఒక్కొక్క ఝూమరు పెట్టుకుని.
పక్కబల్లవాళ్లు కాళ్లు చూస్తున్నారు.
నేను కుట్టు కోసం వెతుకుతున్నాను.
అంత ఊపుకీ, అంత బరువుకీ
ఎక్కడో ఒకచోట కనపడాలి కదా.
బాకాలు ఒక్కసారి ఎగిసినప్పుడు
ఈక ఒకటి ఊడి, తొందరేమీ లేకుండా దిగి,
ఎవరిదో రమ్ము గ్లాసు పక్కన వాలింది.
వాళ్లు చూడలేదు. తీసి చొక్కాలో పెట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి ముసలామె
నా స్టీరింగు ముందు కూర్చుని ఉంది,
చేతులు రెండూ దానిమీద,
ఎక్కడికో చాలా దూరం పోతున్నట్టు.
కాసేపు పోనిచ్చాను.

ఇంటికెళ్లేసరికి వీధంతా చీకటి.
కిరోసిన్ మరిచిపోయాను.
నెరైదా మెట్లమీద అట్టముక్కతో విసురుకుంటోంది.
ఈక చేతిలో పెట్టాను.
మొదలు తడిమి చూసింది, వేళ్లతోనే.
"మూడో వరస, ఎడమ పక్క.
ఆ పిల్ల తిరిగేటప్పుడు భుజం ఎగరేస్తుంది,
చెప్తే వినదు."
తర్వాత, కాస్త ఆగి, "లోపలికెళ్లావా?"
"వెళ్లాను."
"ఎలా ఉంది?"

నూట ఇరవై మాటలూ వెతికాను,
సొంత భాషంతా వెతికాను.
"ఒక్క కుట్టూ కనపడలేదు" అన్నాను.

ఏమీ అనలేదు.
అట్టముక్క గాలి మాత్రం
కొంచెం కొంచెంగా నా వైపు కూడా రావడం మొదలైంది.